డిగ్రీ మొదటి ఏడాదిలో అప్లైడ్ ఎథిక్స్: మన జిల్లాల సమస్యలతో చదవడం ఎలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీల్లో కొత్తగా డిగ్రీలో చేరి, టైంటేబుల్‌లో "ఎథిక్స్" అనే మాట చూసి ఇదేం సబ్జెక్టు అనుకుంటున్న విద్యార్థుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. వరసగా చదవక్కర్లేదు. అసైన్‌మెంట్ దగ్గర పడినవాళ్లు డయాలసిస్ కేసు, ఊళ్లోకి వెళ్లడం, వ్యాసం రాయడం గురించిన మూడు జవాబులు ముందు చదవండి.

ఇది బళ్లో చదివిన నీతి పాఠమేనా?

కాదు. "అబద్ధం ఆడకూడదు, పెద్దల మనసు కష్టపెట్టకూడదు" అని చెప్పి నీతి పాఠం ఆగిపోతుంది. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పదు. తాతకు క్యాన్సరని రిపోర్టు వచ్చింది. ఆయనకు చెప్పొద్దని కొడుకులు డాక్టరును బతిమాలుతున్నారు. నిజం చెప్పాలన్నది మంచి మాటే, ఆయన కుంగిపోకూడదన్నదీ మంచి మాటే. ఇప్పుడు డాక్టరు ఏం చేయాలి? తాతకు తెలుసుకోవాలని ఉందో లేదో ఎవరైనా అడిగారా? ఆయన తేల్చుకోవాల్సిన పొలం పనులు, చూసి వెళ్లాలనుకునే మనుషులు ఉంటే? చెప్పకపోవడం ఆయన కోసమా, చెప్పలేని కొడుకుల కోసమా? ఇలాంటి చోట మొదలయ్యే చదువు ఇది. తెలుగులో అనువర్తిత నీతిశాస్త్రం అంటారు. పేరు బరువుగా ఉన్నా పని మాత్రం ఇదే: ఒక నిజమైన పరిస్థితిలో ఏది చేయడం న్యాయమో కారణాలతో సహా తేల్చడం.

ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ చదివాను. ఫిలాసఫీ రాకుండా ఇది వస్తుందా?

వస్తుంది. బైపీసీ వాళ్లకు వైద్య కేసుల్లో, ఎంపీసీ వాళ్లకు లెక్క తేల్చాల్సిన కేసుల్లో కొంత ముందంజ కూడా ఉంటుంది. అలవాటు మార్చుకోవాల్సింది ఒక్కచోటే. ఇక్కడ గైడు వెనక పేజీలో జవాబు ఉండదు. అలాగని ఏ జవాబైనా సరిపోతుందని కాదు. కారణం బలంగా ఉన్న జవాబుకు మార్కులు పడతాయి, బలహీనంగా ఉన్నదానికి పడవు.

ఏ సమస్య ఎంచుకోవాలి? గర్భస్రావం, మరణశిక్ష, జంతువుల హక్కులు లాంటివి సరిపోతాయా?

సరిపోతాయి. కానీ మొదటి ఏడాదిలో వాటి జోలికి పోవద్దనే మేం చెబుతాం. వాటి మీద ఇప్పటికే వేల వ్యాసాలున్నాయి. వాటిలోని మాటలే తిరగరాసి, ఆలోచించామని మనమే నమ్మేస్తాం. మన చుట్టూ ఉన్న సమస్య మీద అచ్చయిన జవాబు దొరకదు కాబట్టి సొంతంగా ఆలోచించక తప్పదు.

మన రెండు జిల్లాల్లో విషయాలకు కొదవ లేదు. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కిడ్నీ జబ్బు. రణస్థలం మండలం కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం. మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళ్లే మత్స్యకారులు: 2018 చివర్లో పాకిస్తాన్‌కు పట్టుబడినవారిలో ఎక్కువమంది మనవాళ్లే, 2020 జనవరిలో 20 మంది విడుదలయ్యారు. అక్కడి బోటు యజమాని బాధ్యత ఎంత, ఇక్కడ పని చూపించలేని ప్రభుత్వాల బాధ్యత ఎంత? 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు కూలిన కొబ్బరి తోటల నష్టపరిహారం: చెట్టు సొంతదారుకు చెట్టు లెక్కన డబ్బిస్తే, ఆ చెట్టెక్కి కాయ దింపి బతికేవాడికి ఏ లెక్కన ఇవ్వాలి? పొందూరు ఖాదీ పేరుతో మరమగ్గం బట్ట అమ్మితే మోసపోయింది కొన్నవాడు ఒక్కడేనా? హాస్టల్లో ర్యాగింగ్ చూసి ఊరుకున్న విద్యార్థికి తప్పులో వాటా ఉందా?

ఎంచుకున్న విషయం సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దాన్ని "ఎవరు, ఏం చేయాలి?" అన్న ఒక్క వాక్యంగా మార్చి చూడండి. "ఉద్దానం కిడ్నీ సమస్య" అన్నది విషయం మాత్రమే, ప్రశ్న కాదు. "రక్త నమూనాలు తీసుకున్న పరిశోధకులు ఫలితాన్ని ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పాల్సిన బాధ్యత ఉందా?" అంటే ప్రశ్న అవుతుంది.

ఒక కేసును ఎలా విప్పాలి? ఉదాహరణతో చెప్పండి.

కల్పిత కేసు ఒకటి తీసుకుందాం. ఒక డయాలసిస్ కేంద్రంలో 10 యంత్రాలున్నాయి. ఒక్కొక్కరికి 4 గంటలు పడుతుంది. యంత్రం శుభ్రం చేసి మళ్లీ సిద్ధం చేయడానికి మరో గంట. పొద్దున్న 6 నుంచి రాత్రి 9 దాకా మూడు విడతలు, వారానికి ఆరు రోజులు. మామూలుగా ఒక్కో రోగికి వారానికి మూడుసార్లు కావాలి. వచ్చేవాళ్లు 75 మంది. అందరికీ ఎలా పంచాలి?

ముందు లెక్క చేయండి. చాలామంది ఇక్కడే జారిపోతారు. రోజుకు 30 విడతలు, వారానికి 180. మూడుసార్ల చొప్పున 60 మందికే సరిపోతుంది. 15 మంది బయట మిగులుతారు. "కొరత ఉంది" అని రాయడానికీ, "15 మంది మిగులుతారు" అని రాయడానికీ మధ్య ఎంతో దూరం ఉంది.

తర్వాత, ఈ కొరత తప్పనిదా కాదా చూడండి. రాత్రి 9 నుంచి 2 దాకా నాలుగో విడత పెడితే వారానికి 240 అవుతాయి, 80 మందికి సరిపోతాయి. చిక్కుముడి విడిపోయినట్టే ఉంటుంది. కానీ రాత్రి రెండింటికి నీరసంగా బయటికొచ్చిన మనిషి 40 కిలోమీటర్ల దూరంలోని ఊరికి ఎలా వెళ్తాడు? ఆ వేళకు బస్సు ఉండదు. ఆటో ఖర్చు ఎవరిది? సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారు? నాలుగో విడత ఎవరికి వేస్తారు, పలుకుబడి లేనివాళ్లకేనా? చూశారా, ప్రశ్న మాయం కాలేదు, రూపం మార్చుకుంది. కానీ ఇప్పుడు అది ప్రాణానికీ ప్రాణానికీ మధ్య ఎంపిక కాదు, ఇబ్బందిని ఎలా పంచాలన్న ప్రశ్న. అది చాలా పెద్ద తేడా.

నాలుగో విడత కుదరదనుకుందాం. మిగిలిన దారులు చూడాలి. అందరికీ రెండుసార్లే ఇస్తే 150 విడతలు పోయి 30 మిగులుతాయి, వాటిని బాగా అవసరమైనవాళ్లకు మూడోసారిగా ఇవ్వొచ్చు. అప్పుడు ఎవరినీ వదలం. కానీ వైద్యం ఏం చెబుతుందో చూడాలి. డయాలసిస్ తగ్గితే ఒంట్లో నీరు, రక్తంలో పొటాషియం పెరుగుతాయి. పొటాషియం మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కిడ్నీ ఇంకా కొంత పనిచేస్తూ మూత్రం వస్తున్నవాళ్లు కొంతకాలం రెండుసార్లతో నెట్టుకురాగలరు, అసలు రానివాళ్లకు కష్టం. అంటే "అందరికీ సమానంగా రెండు" అన్నది పైకి న్యాయంగా కనిపిస్తుంది, ప్రమాదం మాత్రం సమానంగా పంచబడదు. అవసరాన్ని బట్టి పంచితే డాక్టరు కొలిచి చెప్పగల కొలమానం ఉంటుంది. "ముందు వచ్చినవాళ్లకు ముందు" అంటే సులువే, కానీ జబ్బు ముందు బయటపడేది పరీక్షలు చేయించుకోగల ఇళ్లలో. చీటీలు వేస్తే పక్షపాతం ఉండదు, అవసరమూ లెక్కలోకి రాదు. వయసు తక్కువవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు ముందు అంటే? ఇక్కడ చరిత్ర తెలియాలి.

1962లో అమెరికాలోని సియాటెల్‌లో డయాలసిస్ కేంద్రం తెరిచినప్పుడు యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. వైద్యపరంగా అర్హులైనవాళ్లలో ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి పేర్లు బయటపెట్టని ఏడుగురి కమిటీని వేశారు. వాళ్లు ఉద్యోగం, సంసారం, సమాజానికి ఉపయోగం లాంటివి చూసి ఎంచారు. సంగతి పత్రికల్లోకి వచ్చాక పెద్ద దుమారం రేగింది. ఎంచినవాళ్లు తమలాంటివాళ్లనే యోగ్యులుగా చూశారన్నది ప్రధానమైన అభ్యంతరం. చివరికి 1972లో అమెరికా ప్రభుత్వం కిడ్నీ విఫలమైనవాళ్లలో దాదాపు అందరి డయాలసిస్ ఖర్చులో ఎక్కువ భాగం భరించేలా చట్టం చేసింది. వైద్య నీతిశాస్త్రం ఒక ప్రత్యేక చదువుగా ఎదగడానికి ఈ ఉదంతం ఒక పెద్ద కారణం. మన పలాస, సోంపేటల్లో ఇప్పటికీ బతికున్న ప్రశ్న అది.

ఇదంతా అయ్యాక మీ తీర్పు రాయాలి. మా మొగ్గు అవసరాన్ని బట్టి పంచడం వైపు, అవసరం సమానమైనచోట చీటీల వైపు. దూరం నుంచి వచ్చేవాళ్లకు పగటి విడత ఇవ్వడమూ అందులో భాగమే. మీరు వేరే తీర్పుకు రావచ్చు. కానీ మీ పద్ధతిలో ఎవరు నష్టపోతారో, ఆ మనిషి ఎదురుగా నిలబడి ఏ కారణం చెబుతారో రాయండి.

సిద్ధాంతాలు ఎన్ని తెలియాలి?

మొదటి ఏడాదికి నాలుగైదు చాలు. వాటిని నిర్వచనాలుగా బట్టీ పెట్టకుండా, కేసులో ఏది చూడమని చెబుతాయో గుర్తుంచుకోండి.

కొవ్వాడనే తీసుకుందాం. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల సామర్థ్యంతో 6 రియాక్టర్లన్నది ప్రతిపాదన. పర్యవసానవాదం ఫలితాలు లెక్కించమంటుంది: ఎంతమందికి కరెంటు, ఎంత బొగ్గు పొగ తప్పుతుంది, ఎన్ని ఊళ్లు ఖాళీ అవుతాయి, ప్రమాదం జరిగే అవకాశం ఎంత, జరిగితే ఎంత. ఇది బలమైన పద్ధతి. కానీ లెక్కలోకి రానివాళ్ల సంగతి చెప్పలేకపోతుంది. భూమికి పట్టా ఉంటుంది, ఎకరానికి ఇంత అని కడతారు. సముద్రానికి ఏ మత్స్యకారుడి పేరున పట్టా ఉంటుంది? ఏ నెలలో ఏ చేప ఏ లోతులో దొరుకుతుందో తరతరాలుగా తెలుసుకున్న తీరం అది. ఇంకోచోట ఇల్లు కట్టిచ్చినా ఆ తెలివి అక్కడ పనికిరాదు. ఏ లెక్కలో వేస్తారు దాన్ని?

కర్తవ్యవాదం, అంటే 1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ గట్టిగా చెప్పిన దారి, మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదంటుంది. అందరి మేలు కోసమైనా సరే, ఊరి వాళ్లకు నిజం చెప్పి, వాళ్ల మాట విన్నారా అని అడుగుతుంది. 1971లో అమెరికన్ తత్వవేత్త రాల్స్ చెప్పిన పద్ధతి తరగతిలో బాగా పనికొస్తుంది: రేపు పొద్దున్న మీరు కొవ్వాడ ఒడ్డున వల లాగేవాడిగా లేస్తారో, విశాఖలో ఏసీ గదిలో లేస్తారో తెలియదనుకోండి, అప్పుడు ఏ ఒప్పందానికి సరేనంటారు? సంరక్షణ నీతి, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో చూడమంటుంది: ఊరు చెదిరితే ముసలివాళ్లను చూసే పక్కింటి వాళ్లు ఎక్కడికి పోతారు? సద్గుణ నీతి అరిస్టాటిల్ నుంచి వచ్చింది, నిర్ణయం తీసుకునే అధికారి ఎలాంటి మనిషిగా నడుచుకుంటున్నాడో అడుగుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక్కో సిద్ధాంతానికి ఒక్కో పేరా రాసి, చివర్లో "కాబట్టి అభివృద్ధికీ పర్యావరణానికీ మధ్య సమతుల్యం పాటించాలి" అని ముగిస్తారు. ఆ వాక్యం దేనికీ జవాబు కాదు. ఈ కేసులో ఏ సిద్ధాంతం అసలు విషయాన్ని పట్టుకుంది, ఏది వదిలేసింది, ఎందుకు అన్నదే మీరు చెప్పాల్సింది.

వాస్తవాలు ఎక్కడ దొరుకుతాయి? వాట్సాప్‌లో వచ్చినవి వాడొచ్చా?

వాట్సాప్ సందేశం జనం ఏమనుకుంటున్నారో చెప్పడానికి మాత్రమే ఆధారం. అసలు కాగితం కోసం వెతకాలి: ప్రభుత్వ ఉత్తర్వు, పర్యావరణ అనుమతి లేఖ, ప్రజాభిప్రాయ సేకరణ నివేదిక, కోర్టు తీర్పు. దొరకకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఎక్కడైనా ఉచితం. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలో పై అధికారికి అప్పీలు చేయొచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి: "పరిహారం ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. "ఫలానా గ్రామం పరిహారం లబ్ధిదారుల జాబితా, చెల్లింపు తేదీల నకలు" అని అడగండి. సెమిస్టరు మొదట్లోనే పెట్టండి, అసైన్‌మెంటుకు వారం ముందు పెడితే జవాబు పరీక్షలయ్యాక వస్తుంది.

తెలియని దాన్ని తెలిసినట్టు రాయడం ఇంకో పొరపాటు. ఉద్దానం జబ్బుకు నీళ్లే కారణమనో, పురుగుమందులే కారణమనో చాలామంది తేల్చేస్తారు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా కచ్చితమైన కారణం తేలలేదు. అది తేలలేదన్న సంగతే మీ కేసులో ముఖ్యమైన వాస్తవం: కారణం తేలేదాకా ఆగాలా, తేలకముందే మంచినీళ్లు మార్చాలా?

పదాల దగ్గరా జాగ్రత్త. సోంపేట దగ్గర థర్మల్ కేంద్రానికి తలపెట్టిన నేల కాగితాల మీద పనికిరాని నేల. ఊరి వాళ్లకు అది బీల: చేపలు, గడ్డి, పశువులకు నీళ్లు, చుట్టుపక్కల పొలాలకు తడి. 2010 జూలైలో అక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి కూడా ఆ ఏడాదే రద్దయింది. "బంజరు" అన్న ఒక్క మాట రాసినప్పుడే సగం తీర్పు ఇచ్చేసినట్టు. మీ వ్యాసంలో మొదటి పేరాలోని నామవాచకాలను ఒకసారి ఇలా తరచి చూడండి.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం ఊళ్లోకి వెళ్లి మాట్లాడాలి. ఏం జాగ్రత్తలు?

అన్నింటికంటే ముందు: ఫారాలు పట్టుకుని వచ్చినవాళ్లను చూస్తే జనం ప్రభుత్వం మనుషులనుకుంటారు. పింఛను వస్తుందేమో, పేరు రాయించుకోకపోతే పోతుందేమో అనుకుని మాట్లాడతారు. అలా వచ్చిన సమ్మతి సమ్మతి కాదు. కాబట్టి కూర్చోగానే చెప్పాల్సిన మాటలివి: "మేం ఫలానా కాలేజీ పిల్లలం. చదువు కోసం అడుగుతున్నాం. చెప్పినందువల్ల మీకు పింఛనుగానీ, డబ్బుగానీ రాదు. చెప్పకపోతే ఏదీ ఆగిపోదు. మధ్యలో చాలనిపిస్తే చాలనండి." ఇది ఒక పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసుకుని, చదివి వినిపించండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తే, మీ బృందంలో లేని మనిషి ఒకరు సాక్షిగా ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఆ పిల్లల ఇష్టమూ కావాలి.

ఇదంతా తతంగం అనిపిస్తే ఒక సంగతి గుర్తు చేసుకోండి. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఒక టీకా అధ్యయనం కింద ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేశారు. హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. 2010లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు, తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. తల్లిదండ్రులను అడగాల్సిన మాట వార్డెన్‌ను అడిగారన్నది ఇక్కడి ప్రశ్న.

పేర్లు రాయకండి. నోటుబుక్కులో క1, క2 అని గుర్తులు పెట్టుకుని, ఏ గుర్తు ఎవరిదో వేరే కాగితం మీద రాసి విడిగా దాచండి. పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడు. "ఫలానా ఊళ్లో ఇద్దరు కొడుకులూ కిడ్నీ జబ్బుతో పోయిన టీచరమ్మ" అంటే ఊరంతటికీ తెలిసిపోతుంది. జబ్బున్న ఊరని పేరు పడితే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయని అక్కడివాళ్లు భయపడతారు, ఆ భయానికి కారణమూ ఉంది. కాబట్టి ఊరి పేరు కూడా అవసరమైతేనే రాయండి, మండలం పేరు చాలు. ఫొటోలు వద్దు. ఆడవాళ్లను భర్త, అత్త ఎదుట కూర్చోబెట్టి ఇంటి విషయాలు అడగొద్దు. సవర, జాతాపు గూడేలకు వెళ్తే మాట తిప్పి చెప్పే మనిషిని అక్కడివాళ్లలోంచే తీసుకోండి. కానీ గ్రామ పెద్దనో, అధికారినో దుబాసీగా పెట్టుకుంటే ఆయన ఎదుట ఆయన మీదున్న ఫిర్యాదు ఎవరూ చెప్పరు. పొలం పనుల రోజుల్లో పగటిపూట వెళ్లి కూలి పోగొట్టకండి. పని పూర్తయ్యాక ఒకసారి వెనక్కి వెళ్లి, రాసింది చదివి వినిపించండి.

ఎవరైనా మాట్లాడుతూ ఏడిస్తే ప్రశ్నాపత్రం మూసేయండి. మిగతా ప్రశ్నలు ఆ రోజు అడగొద్దు.

"వాళ్లు ఒప్పుకునే కదా పనికి వచ్చారు" అంటే ఏం చెప్పాలి?

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్క కొట్టే, పప్పు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్లది. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతి తొడుగు వేసుకుంటే వేగం తగ్గుతుంది, కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట వేగం తగ్గితే కూలి తగ్గుతుంది. తొడుగు ఇచ్చినా వాళ్లే వేసుకోరని యజమాని అనొచ్చు. నిజమే కావచ్చు. కానీ వేసుకుంటే నష్టపోయేలా కూలి లెక్క పెట్టింది ఎవరు? ఒప్పుకోవడం అన్నది ఎదుట ఎన్ని దారులున్నాయన్న దాన్ని బట్టి బరువు తూగుతుంది. అలాగని ఆ పనే మానేయించాలనడం కూడా తొందరపాటే, ఆ కూలి మీదే ఇల్లు గడుస్తోంది. రోజు కూలికి మార్చడం, తొడుగుతో పనిచేసే వేగాన్ని ప్రమాణంగా తీసుకుని కిలో రేటు కట్టడం లాంటి దారులు వెతకండి.

ఎవరి ఆచారం వాళ్లది, ఎవరి నీతి వాళ్లది కదా? మనమెవరం తప్పుపట్టడానికి?

వినయంతో అడిగితే ఇది మంచి ప్రశ్న. సంభాషణ ఆపడానికి వాడితే మాత్రం చెడ్డ ఆయుధం. దీనికి విజయనగరంలోనే జవాబుంది. మహారాజా ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల, లెక్క తీయించారు. 1034 తేలాయి. ఐదేళ్ల వయసులో పెళ్లయినవాళ్లు 99 మంది, ఏడాది వయసులో పెళ్లయినవాళ్లు ముగ్గురు. గురజాడ అప్పారావు 1897లో కన్యాశుల్కం తొలి కూర్పు ముందుమాటలో ఈ అంకెలు ఇచ్చారు. అదీ ఆచారమే. ఎవరి ఆచారం? పుచ్చుకున్న తండ్రిదీ, ఇచ్చిన ముసలి వరుడిదీ. ఏడాది పిల్లను ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పలేదు. "వాళ్ల ఆచారం" అన్నప్పుడల్లా ఆ వాళ్లలో నోరున్నవాళ్లెవరు, లేనివాళ్లెవరు అని చూడండి. పైగా ఆ ఆచారాన్ని తప్పుపట్టింది బయటివాళ్లు కాదు, ఆ సమాజంలోని మనుషులే.

చట్టం ఒప్పుకుంటే నీతి ఒప్పుకున్నట్టేనా?

కాదు. రెండువైపులా తేడాలొస్తాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కుటుంబాల సమ్మతి కావాలి. ప్రభుత్వం తన కోసమే తీసుకుంటే ఆ షరతు లేదు. సమ్మతి అడగకపోవడం చట్టబద్ధమే. కానీ ఇల్లు పోయే మనిషికి, తీసుకుంటున్నది ఎవరన్న దాన్ని బట్టి అడిగించుకునే హక్కు పోతుందా? అదే చట్టం, భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడి పని మీద బతుకుతున్న కూలీ కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది. ఈ సంగతి చాలా ఊళ్లలో కూలీలకు తెలియదు.

ఓటుకు డబ్బు సంగతి మీకింకా దగ్గరది, మొదటి ఓటు ఈ వయసులోనే కాబట్టి. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. "తీసుకుని నచ్చినవాళ్లకే వేస్తాను, తప్పేముంది?" అనే వాదన మీద తరగతిలో ఒక గంట చర్చ పెట్టండి. మాట తప్పడం, పేదరికం, తీసుకోకపోతే ఊళ్లో వచ్చే అనుమానం, తీసుకున్నాక రోడ్డు గురించి నిలదీయలేకపోవడం, అన్నీ బయటికొస్తాయి.

తరగతిలో చర్చ కులం మీదకో, పార్టీ మీదకో పోయి గొడవవుతోంది. ఎలా?

మాట్లాడేముందు ప్రతివాళ్లూ ముందు మాట్లాడినవాళ్ల వాదనను, వాళ్లు "అవును, నేనన్నది అదే" అనేదాకా తిరిగి చెప్పాలి. ఈ ఒక్క నియమంతో సగం వేడి తగ్గుతుంది. రెండోది: ఎవరినీ వాళ్ల కులం తరఫునో, ఊరి తరఫునో మాట్లాడమని అడగొద్దు. "నువ్వు ఉద్దానం పిల్లవి కదా, చెప్పు" అనడం ఆ పిల్ల మీద భారం వేయడమే.

1500 పదాల వ్యాసం ఎలా రాయాలి?

ప్రశ్న, మీ జవాబు మొదటి 150 పదాల్లోనే చెప్పేయండి, సస్పెన్స్ అక్కర్లేదు. వాస్తవాలకు 400. మీ వాదనకు 600. మీకు ఎదురయ్యే అతి బలమైన అభ్యంతరానికి, దానికి మీ సమాధానానికి 250. ఏ కొత్త వాస్తవం తెలిస్తే మీ అభిప్రాయం మారుతుందో చివరి 100లో రాయండి. ఈ చివరిది దాదాపు ఎవరూ రాయరు, మంచి అధ్యాపకులు మొదట చూసేది అదే.

మార్కులు పోయేది ఎక్కువగా అభ్యంతరం దగ్గర. సులువుగా కొట్టేయగల అభ్యంతరాన్ని ఎంచుకుంటారు. థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకిస్తూ రాస్తే "కొందరు డబ్బాశపరులు" అని రాయకండి. పని లేక చెన్నై, హైదరాబాద్ వలస పోతున్న కుర్రాడు ఫ్యాక్టరీ రావాలని ఎందుకు కోరుకుంటాడో రాయండి.

తెలుగులో రాయొచ్చా?

కాలేజీ ఒప్పుకుంటే తప్పకుండా రాయండి. ఊళ్లో విన్న మాటలు ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి సగం రాలిపోతాయి. పల్లంలో నీరు నిలిచే తంపర భూమిని ఒక్క ఇంగ్లిష్ మాటతో చెప్పి చూడండి. జనం మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలని పోరాడిన గిడుగు రామమూర్తి మన పర్వతాలపేట మనిషి, సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించినవాడు. పారిభాషిక పదం వాడినప్పుడు పక్కనే ఒక వాక్యంలో అర్థం చెప్పండి.

ఏఐతో రాయించుకోవచ్చా?

వ్యాసం రాయించుకుంటే మీరు చేయాల్సిన పనే పోతుంది. అది లేని తీర్పులను, లేని గణాంకాలను ఉన్నట్టే రాసిపెడుతుంది కూడా. మీ వాదన రాసుకున్నాక "దీనికి బలమైన అభ్యంతరం చెప్పు" అని అడగడం వరకు ఉపయోగమే, అలా వాడినట్టు వ్యాసంలో చెప్పండి. ఊళ్లో తీసుకున్న నోట్సును మాత్రం అందులో పెట్టొద్దు. మీ నోటుబుక్కులో ఉంటుందని నమ్మి వాళ్లు చెప్పారు.

ఉద్యోగ పరీక్షలకు పనికొస్తుందా?

వస్తుంది. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఎథిక్స్‌కు 250 మార్కుల పేపరు ఉంది, అందులో దాదాపు సగం కేసులే. గ్రూప్ 1 మెయిన్స్‌లోనూ ఒక పేపరులో భాగంగా ఎథిక్స్ ఉంది. అయితే అక్కడ రాసేది అధికారి కుర్చీలోంచి. ఇక్కడ ఆ కుర్చీ ముందు నిలబడ్డ మనిషి వైపు నుంచి కూడా ఆలోచించడం నేర్చుకోండి.

మా ఇంట్లోనే డయాలసిస్ మీద ఉన్నవాళ్లున్నారు. ఆ విషయం తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. మీకు తెలిసినంత వివరంగా తరగతిలో ఎవరికీ తెలియదు: బస్సు ఎన్నింటికి, చేతిలో ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన చోటు) ఎలా కాపాడుకోవాలి, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు. కానీ వాళ్లను అడిగి తీసుకోండి, రాసింది వాళ్లకు చూపించండి. "నువ్వు కిడ్నీ ఎందుకు ఇవ్వలేదు" లాంటి ఇంటి గొడవలు ఏవి బయటికి రావచ్చో, ఏవి రాకూడదో వాళ్లు చెప్పాలి. 1994 అవయవ మార్పిడి చట్టం కింద దగ్గరి బంధువు ఇవ్వొచ్చు. ఇవ్వాలని మాత్రం ఆ చట్టం ఎవరినీ ఒత్తిడి చేయదు. ఇంట్లో ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో మీకు తెలుసు.

మొదలుపెట్టాక భరించలేననిపిస్తే విషయం మార్చుకోండి. కారణం మొత్తం చెప్పక్కర్లేదు, "ఇంటి విషయం, మార్చుకుంటాను" అని అధ్యాపకులకు చెబితే చాలు. గడువుకు పది రోజుల ముందు చెప్పగలిగితే కొత్త విషయానికి సమయం దొరుకుతుంది.